చెరువు గట్టిపడిందా? కొలిచాకే స్కేట్లు కట్టండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేసిన చిన్ననాటి ముచ్చట్లు రాయమని గత సంచికలో అడిగాం. ముచ్చట్లకంటే ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. జవాబుల్లోకి వెళ్ళే ముందు మాటల సంగతి ఒకటి. తెలుగులో పొద్దున్నే కమ్ముకునేదీ మంచే, ఆకాశం నుంచి కురిసేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. చెరువు మీద నిలబడినవాళ్ళకు ఈ తేడా ప్రాణాలతో ముడిపడింది. అందుకని ఇక్కడ పైనుంచి కురిసేదాన్ని మంచు అనీ, చెరువు నీరు గట్టిపడితే ఐసు అనీ అంటున్నాం.

ప్రశ్న: అమెరికాలోని మినెసోటాలో ఉంటున్నాం. ఇంటి వెనకే చిన్న చెరువుంది. డిసెంబర్ వచ్చిందంటే చాలు, చిన్నప్పుడు ఇలాంటి చెరువుల మీదే ఆడుకునేవాళ్ళమని పక్కింటి పెద్దాయన చెబుతారు. అది విన్నప్పటి నుంచి మా పిల్లలిద్దరిదీ (7, 10 ఏళ్ళు) ఒకటే పట్టు. ఐసు ఆగుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కొలిస్తే తెలుస్తుంది. చూపుకు తెలియదు, క్యాలెండర్ చూస్తే అసలే తెలియదు. పెద్దాయన చెప్పింది నిజమే. కానీ అలాంటి జ్ఞాపకాల్లో ఆట మిగిలినంత బాగా, ముందురోజు వెళ్ళి ఐసుకు బెజ్జం కొట్టి మందం చూసొచ్చిన పెద్దవాళ్ళు మిగలరు. ఆ పని ఇప్పుడు మీది.

మినెసోటా సహజ వనరుల శాఖ లెక్క ప్రకారం, కొత్తగా కట్టిన తేటైన ఐసు 4 అంగుళాలు లేనిదే దాని మీద కాలు పెట్టకూడదు. కెనడా రెడ్‌క్రాస్ ఇంకాస్త గట్టిగా చెబుతుంది: ఒక్కరు నడవడానికో స్కేటింగ్‌కో 15 సెంటీమీటర్లు, నలుగురు కలిసి ఆడాలంటే 20 సెంటీమీటర్లు. పిల్లలు విడివిడిగా ఉండరు. ఒకరు పడితే మిగతావాళ్ళంతా క్షణంలో అక్కడికే చేరతారు, బరువంతా ఒక్కచోటే పడుతుంది. కాబట్టి మీరు 20 సెంటీమీటర్ల (8 అంగుళాల) లెక్కే పెట్టుకోండి.

ఈ అంకెలన్నీ తేటగా, నీలంగానో నల్లగానో కనిపించే ఐసుకే. మంచు తడిసి గట్టిపడితే పాలలాంటి తెల్ల ఐసు అవుతుంది. దాని నిండా గాలి బుడగలుంటాయి కనుక బలం సగమే. బెజ్జంలో 6 సెంటీమీటర్ల తేట ఐసు, దాని పైన 8 సెంటీమీటర్ల తెల్ల ఐసు కనిపిస్తే మొత్తం 14 అనుకోకండి, 10 కిందే లెక్క కట్టండి. బూడిద రంగులోకి తిరిగిందంటే లోపల నీరు చేరిందని అర్థం. అది ఎంత మందమున్నా వద్దు.

కొలిచే పద్ధతి ఇది. ఒంటరిగా వెళ్ళకండి. ఒకరు గట్టు మీద 15–20 మీటర్ల తాడుతో ఉండాలి, ఐసు మీదికి వెళ్ళేవారు లైఫ్ జాకెట్ వేసుకోవాలి. చేతిలో గునపం ఉండాలి. గట్టు దగ్గర నుంచే, అడుగు వేసే ముందు ఎదర గునపంతో గట్టిగా పొడవాలి. ఒక్క పోటుకే దిగిపోయిందా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేయాలి. దిగకపోతే బ్యాటరీ డ్రిల్లుకు చెక్కకు వాడే 16 మిల్లీమీటర్ల పొడుగు బిట్టు పెట్టి బెజ్జం వేయండి. నీరు పైకి రాగానే టేపు లోపలికి దించి, దాని కొక్కేన్ని ఐసు అడుగు అంచుకు తగిలించి చదవండి. ఒక్క బెజ్జంతో సరిపెట్టుకోకూడదు. చిన్న చెరువైతే 10–15 మీటర్లకొకటి చొప్పున, ఆడుకునే జాగా అంతా చూడాలి. అన్నిటికంటే పలచగా ఉన్న చోటే మీ లెక్క. సగటు తీయకండి.

ఊళ్ళో చెరువు తెలిసినవాళ్ళకు పలచని చోట్లు చెప్పనక్కర్లేదు: వాగు వచ్చి కలిసేచోట, తూము దగ్గర, అలుగు దగ్గర, అడుగున ఊట ఉన్నచోట నీరు కదులుతూనే ఉంటుంది, ఐసు గట్టిపడదు. వీటికి తోడు జమ్ము మొలిచిన అంచులు, నీళ్ళలో పాతిన గుంజల చుట్టూ, నల్లటి రాళ్ళ పక్కన ఎండ వేడికి ఐసు కరుగుతుంది. చేపల కోసం గాలి బుడగలు వదిలే మోటారు పెట్టిన చెరువైతే ఆ ఏడాదికి ఆ ఆశ వదులుకోండి.

అసలు సందేహం మరొకటి ఉంది. కొత్త కాలనీల వెనక కనిపించేవి చాలావరకు చెరువులు కావు, వాననీరు నిలవడానికి తవ్విన గుంటలు. రోడ్ల మీద చల్లిన ఉప్పు కరిగి వాటిలోకే చేరుతుంది. ఉప్పునీరు తొందరగా గడ్డకట్టదు, కట్టినా బలం తక్కువ. పైగా గొట్టాల్లోంచి నీరు బయటికి పోతే మట్టం దిగిపోయి ఐసు కింద ఖాళీ ఏర్పడుతుంది. కింద నీటి ఆసరా లేని ఐసు పెంకులా విరుగుతుంది. చాలా ఊళ్ళు వీటి మీదికి వెళ్ళడాన్ని నిషేధించాయి కూడా. మీది అలాంటి గుంటే అయితే కొలవడం కూడా వద్దు. పార్కుల్లో మైదానానికి నీళ్ళు పట్టి తయారుచేసే రింకులుంటాయి, విరిగినా కింద నేలే. మొదటి ఏడాది పిల్లలకు అక్కడే నేర్పించమని మా గట్టి సలహా.

ఎన్నాళ్ళు ఆగాలన్న అంచనాకు ఒక సూత్రం పనికొస్తుంది. ఐసు మందం, రోజురోజుకూ పోగయ్యే చలి మొత్తానికి వర్గమూలంలా పెరుగుతుంది. అంటే మందం రెట్టింపు కావాలంటే చలి నాలుగింతలు కావాలి. రోజు సగటు మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ ఉండి, మొదటి 10 సెంటీమీటర్లకు మూడు రోజులు పట్టిందనుకుంటే, 20 కావడానికి పన్నెండు రోజులు పడుతుంది. పైన మంచు కప్పితే దుప్పటిలా పనిచేసి ఇంకా ఆలస్యం చేస్తుంది. ‘నిన్నటికి 4 అంగుళాలు, రేపటికి 8’ అనుకునేవాళ్ళు పొరబడేది ఇక్కడే.

ప్రశ్న: రాత్రిళ్ళు మా చెరువు ఉరిమినట్టు శబ్దం చేస్తుంది. ఐసు విరుగుతోందా? (కెనడాలోని అంటారియో నుంచి)

జవాబు: చలి పెరిగినప్పుడు ఐసు కుంచించుకుంటుంది, ఎండకు సాగుతుంది. ఆ ఒత్తిడికి పొడవాటి పగుళ్ళు పడతాయి, ఆ శబ్దం పలక అంతటా పాకుతుంది. మందపాటి ఐసు కూడా ఉరుముతుంది, కాబట్టి శబ్దం ఒక్కటే ప్రమాద సూచన కాదు. పగులులోంచి నీరు పైకి ఊరుతున్నా, అడుగు వేస్తే పలక కుంగినట్టున్నా వెంటనే గట్టుకు వచ్చేయాలి. పొడి పగుళ్ళలో బ్లేడు ఇరుక్కుని పిల్లలు బోర్లా పడతారు. మంచులో నీళ్ళు కలిపి ముద్దచేసి పగుల్లో కూరి, పైన గీరి, రాత్రంతా వదిలేస్తే పూడిపోతుంది.

ప్రశ్న: ఎంత జాగ్రత్తగా ఉన్నా ఐసు విరిగి నీళ్ళలో పడితే?

జవాబు: మూడు అంకెలు ఇంట్లో అందరికీ కంఠతా రావాలి: 1, 10, 1. మొదటి 1 నిమిషం. చన్నీళ్ళ దెబ్బకు ఊపిరి ఎగపీలుస్తుంది, ఆపుకోలేరు. ఆ నిమిషంలో చేయాల్సిందల్లా తల నీటిపైన ఉంచి, ఊపిరి కుదుటపడేదాకా ఓపికపట్టడం. తర్వాతి 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వింటాయి. బయటపడే ప్రయత్నం అప్పుడే చేయాలి. ఆ తర్వాత పట్టు పోతుంది కానీ, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట ఉంటుంది. చలికి చనిపోతామన్న భయంతో మొదటి నిమిషంలోనే కొట్టుకుని నీళ్ళు మింగడం వల్లే ఎక్కువ ముప్పు.

బయటికి రావడానికి, వచ్చిన వైపే తిరగండి. మిమ్మల్ని అంతవరకూ మోసిన ఐసు అదే. మోచేతులు ఐసు మీద పెట్టి, ఈతలోలా కాళ్ళు వెనక్కి జోరుగా తన్నుతూ ఒళ్ళు నీటికి సమాంతరంగా తెచ్చుకుని, బోర్లా జారుకుంటూ పైకి రావాలి. నిలువుగా వేలాడుతూ చేతుల బలంతో లేవబోతే అంచు విరిగిపోతూనే ఉంటుంది. పైకి వచ్చాక లేచి నిలబడొద్దు. గట్టు వైపు దొర్లండి. మెడలో వేసుకునే మేకుల జత దొరుకుతుంది, రెండు చెక్క పిడులకు మొనలున్నవి. తడి ఐసు మీద ఉత్త చేతులు జారిపోతాయి కనుక వాటిని గుచ్చి పట్టుకోవాలి. పెద్దవాళ్ళందరి మెడలోనూ ఇవి ఉండాల్సిందే.

గట్టు మీదున్నవాళ్ళు పరుగెత్తుకెళ్ళకూడదు. ఇక్కడే రెండో ప్రాణం పోతుంది. అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి, కాళ్ళు తన్నమని అరిచి చెప్పండి. హాకీ కర్రో చెట్టు కొమ్మో అందించండి, అందకపోతే తాడు విసరండి. బయటికి వచ్చినవాళ్ళ తడిబట్టలు తీసి పొడి దుప్పట్లు చుట్టండి. చేతులూ కాళ్ళూ రుద్దకండి. తెలివిగా ఉండి మింగగలిగితే వేడి వేడి తియ్యటి పానీయం ఇవ్వచ్చు. మద్యం మాత్రం వద్దు, అది చర్మానికి రక్తం పంపి లోపలి వేడిని బయటికి పోగొడుతుంది.

ప్రశ్న: పిల్లలకు స్కేట్లు కొనబోతున్నాం. ఏటా కొనలేం కనుక ఒక సైజు పెద్దవి తీసుకోవచ్చా?

జవాబు: బడి బూట్లకు మనవాళ్ళంతా చేసే పనే, కానీ స్కేట్ల దగ్గర పనికిరాదు. స్కేటు సైజు మామూలు బూటుకంటే ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది. లేసులు విప్పి, కాలివేళ్ళు ముందుకు ఆనించి నిలబడమనండి. మడమ వెనక ఒక వేలు దూరితే సరిపోయినట్టు, రెండు వేళ్ళు దూరితే పెద్దదైనట్టు. బూటు వదులైతే మడమ లోపల కదులుతుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది, ఐదు నిమిషాలకే పిల్లలు ‘కాళ్ళు నొప్పి’ అని కూర్చుంటారు. అది వాళ్ళ కాళ్ళ బలహీనత కాదు, బూటు తప్పు. డబ్బు ఆదా చేయాలంటే వాడినవి కొనండి. కాకపోతే తోలు చీలమండ దగ్గర చేత్తో నొక్కితే మెత్తగా కుంగకూడదు.

సాక్సులు ఒక జతే, పలచటి ఉన్నివి. రెండు జతలు తొడిగితే కాలు బిగిసి రక్తం ఆడక ఇంకా చలేస్తుంది. నూలువి చెమట పట్టి తడిగా ఉండిపోతాయి. లేసులు వేళ్ళ దగ్గర రెండు మూడు బెజ్జాలు వదులుగా, పాదం ఎత్తు మీద బాగా బిగించి, పైన మోకాలు ముందుకు వంగేంత సడలించి కట్టాలి. మిగిలిన లేసును చీలమండ చుట్టూ తిప్పి కట్టే అలవాటు ఉంటుంది, దానివల్ల వెనక నరం ఒరుసుకుంటుంది. బ్లేడు పదును దుకాణంలో పట్టించేటప్పుడు అర అంగుళం గాడి అడగండి, నేర్చుకునేవాళ్ళకు అది చాలు. చెరువు ఐసులో ఇసుక, ఆకులు ఉంటాయి కనుక భవనాల లోపలి రింకుల్లోకంటే ముందే మొద్దుబారుతుంది. పక్కకు నొక్కితే కాలు జారిపోతోందంటే పదును పోయినట్టే. ఇంటికి రాగానే బ్లేడు తుడిచి, ప్లాస్టిక్ తొడుగులు తీసేసి గుడ్డ తొడుగులు వేయండి. ప్లాస్టిక్‌లో తడి నిలిచి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

తలకు హెల్మెట్ తప్పనిసరి. వెనక్కి పడినప్పుడు తల వెనక భాగం తగులుతుంది, అక్కడ కాపాడేది హాకీ హెల్మెట్. మొదటి పాఠం పడటం: మోకాళ్ళు వంచి, పక్కకు తొడ మీద పడాలి, గుప్పిళ్ళు వెంటనే ముడుచుకోవాలి. చాచిన వేళ్ళ మీద పక్కవాళ్ళ బ్లేడు ఎక్కకూడదు కదా. లేవడానికి మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక పాదం నిలబెట్టి, ఆ మోకాలి మీద రెండు చేతులూ ఆనించి లేవాలి. ఆ తర్వాత బాతు నడక, మడమలు దగ్గరగా, వేళ్ళు బయటికి. అడుగులు పడ్డాక ఒక్కో అడుగుకూ కాస్త జారనివ్వాలి. ఆపడానికి మోకాళ్ళు వంచి మడమల్ని బయటికి నెట్టాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అబ్బాయి చక్రాల స్కేటింగ్ బాగా చేసేవాడు. ఐసు మీద నాలుగు అడుగులకే పడుతున్నాడేం?

జవాబు: ఇన్‌లైన్ స్కేటుకు (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండేదానికి) మడమ దగ్గర బ్రేకు ఉంటుంది, ఐసు స్కేటుకు ఉండదు. అతను అలవాటుగా మడమ మీదికి వాలుతుంటాడు, వెనక్కి పడతాడు. ఫిగర్ స్కేట్లయితే ముందు పళ్ళుంటాయి, వేళ్ళతో తోసినప్పుడల్లా అవి గుచ్చుకుని ముందుకు పడతాడు. వేళ్ళతో కాకుండా బ్లేడు పక్కంచుతో తోయమనండి. బ్యాలెన్సు ముందే ఉంది కనుక తొందరగానే సర్దుకుంటాడు.

ప్రశ్న: మా మేనల్లుడు నెదర్లాండ్స్‌లో ఉంటాడు. అక్కడి పెద్దవాళ్ళు కుర్చీ తోసుకుంటూ స్కేటింగ్ నేర్చుకున్నామనీ, పదకొండు ఊళ్ళ పందెమనీ చెబుతుంటారట. ఏమిటది? (గుంటూరు నుంచి)

జవాబు: వంటింటి కుర్చీని ఐసు మీద పెట్టి, వీపు భాగం పట్టుకుని తోసుకుంటూ వెళ్ళడం అక్కడ తరతరాల పద్ధతి. కుర్చీ నాలుగు కాళ్ళూ ఆసరా ఇస్తాయి, అలిసిపోతే దానిమీదే కూర్చోవచ్చు. చెక్క పలకకు ఇనుప బ్లేడు బిగించి, మామూలు బూటుకు తాళ్ళతో కట్టుకునే స్కేట్లు అప్పట్లో వాడేవారు.

పదకొండు ఊళ్ళ పందెం పేరు ఎల్‌ఫ్‌స్టేడెన్‌టోక్ట్. ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో లేవార్డెన్‌లో మొదలై, కాలువల మీదుగా పదకొండు పట్టణాలు చుట్టి మళ్ళీ అక్కడికే చేరే దారి, సుమారు 200 కిలోమీటర్లు. 1909లో మొదలైంది. దారి పొడవునా ఐసు 15 సెంటీమీటర్లు ఉంటేనే నడుపుతారు, అందుకే ఇప్పటికి పదిహేనుసార్లే జరిగింది. ఆఖరిసారి 1997 జనవరి 4న. వంతెనల కింద ఐసు పలచగా ఉంటే గట్టెక్కి, పరిచిన తివాచీల మీద స్కేట్లతోనే నడిచి దాటతారు. దానికి డచ్చి భాషలో ‘క్లూనెన్’ అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. 1997 తర్వాత పుట్టినవాళ్ళకు ఈ పందెం ఇంట్లోవాళ్ళు చెబితే విన్నదే. కెనడాలోనూ ఈ దిగులు మొదలైంది. ఒట్టావాలోని రీడో కాలువ మీద 7.8 కిలోమీటర్ల స్కేటింగ్ దారి ఉంది, 1970ల మొదటి నుంచీ ఏటా తెరిచేవారు. 2022–23 శీతాకాలంలో ఐసు చాలక తొలిసారి అసలు తెరవనే లేదు. పెద్దవాళ్ళు చెప్పిన తారీఖుల్ని నమ్మి చెరువులోకి దిగకూడదని మేం పదేపదే అనడం ఇందుకే.

ప్రశ్న: మన దేశంలో సహజంగా గడ్డకట్టిన ఐసు మీద స్కేటింగ్ చేసే చోట్లున్నాయా?

జవాబు: ఉన్నాయి. సిమ్లాలో 1920 నుంచి బహిరంగ రింకు ఉంది. సాయంత్రం నేల మీద పలచగా నీళ్ళు చల్లుతారు, రాత్రి చలికి గడ్డకడతాయి, పొద్దున్నే స్కేటింగ్. ఇందులో కీలకం ఆకాశం తేటగా ఉండటం. మబ్బు లేకపోతే నేలలోని వేడి నేరుగా పైకి పోతుంది. మబ్బు పడితే ఆ వేడి తిరిగి కిందికి వస్తుంది, నీళ్ళు నీళ్ళుగానే ఉండిపోతాయి. ఇక లడఖ్‌లో లే పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. గుపుక్స్, కర్జూ చెరువులు శీతాకాలంలో గడ్డకడతాయి, పిల్లలు వాటి మీదే ఐస్ హాకీ నేర్చుకుంటారు. 2024 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ హాకీ, స్పీడ్ స్కేటింగ్ పోటీలు లేలోనే జరిగాయి. తెలుగు రాష్ట్రాల నుంచి విమానంలో వెళ్ళేవాళ్ళు కనీసం రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. ఆ ఎత్తున దిగిన రోజే స్కేట్లు కడితే తలనొప్పి, వాంతులు ఖాయమనుకోండి.

ప్రశ్న: చెరువు అడుగు నుంచి కాకుండా పైనుంచే ఎందుకు గడ్డకడుతుంది? ఐసు ఎందుకు జారుతుంది? (వరంగల్ నుంచి పదో తరగతి విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్నమ్మా. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. చల్లబడే చెరువులో 4 డిగ్రీల నీరు అడుక్కి దిగుతుంది, అంతకంటే చల్లనిది తేలికై పైన తేలుతుంది, గడ్డకట్టేది అదే. ఐసు సాంద్రత నీటిలో సుమారు 92 శాతమే కనుక పైనే ఉండిపోతుంది. అడుగున చేపలు బతికేది ఇలాగే. లోతులేని చెరువు మీద మంచు బాగా పేరుకుంటే వెలుతురు దిగక, నీటి మొక్కలు ఆక్సిజన్ ఇవ్వక చేపలు చనిపోతాయి.

జారడానికి బ్లేడు ఒత్తిడికి ఐసు కరగడమే కారణమని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. లెక్క వేస్తే ఆ ఒత్తిడి కరిగే ఉష్ణోగ్రతను కొద్దిగానే తగ్గించగలదు, మైనస్ 20లో జారడాన్ని వివరించలేదు. ఐసు పైపొరలోని అణువులకు పైన పట్టుకునే తోడు లేక అవి వదులుగా, దాదాపు ద్రవంలా ఉంటాయి. అలాంటి పొర ఉందని 1850లోనే శాస్త్రవేత్త ఫారడే ఊహించాడు. దానికి బ్లేడు రాపిడి వేడి తోడవుతుంది. మైనస్ 7 డిగ్రీల చుట్టుపక్కల అతి తక్కువ రాపిడి ఉంటుంది. మైనస్ 30లో అదే ఐసు గరుకు కాగితంలా పట్టేస్తుంది.

ప్రశ్న: మార్చి మొదటి వారంలో కొలిస్తే 30 సెంటీమీటర్లు ఉంది. ఇంకో రెండు వారాలు ఆడనివ్వచ్చా?

జవాబు: వద్దు. వసంతపు ఎండకు ఐసు పైనుంచి మాత్రమే కరగదు, లోపల స్ఫటికాల అతుకుల వెంట నిలువునా కరుగుతుంది. మందం అలాగే ఉంటుంది కానీ పక్కపక్కన నిలబెట్టిన కొవ్వొత్తుల కట్టలా మారుతుంది. గునపంతో పొడిస్తే పెచ్చులా కాకుండా నిలువు పుల్లలుగా విడిపోతే అది ఆ స్థితికి వచ్చినట్టే. గట్టు పక్క అరడుగు వెడల్పున నీరు కనిపించినా, వరసగా రెండు రాత్రులు సున్నా కిందికి దిగకపోయినా ఆ ఏడాదికి స్కేట్లు తుడిచి, బ్లేడుకు పలచగా నూనె రాసి అటకెక్కించండి.